వేపాకు కలిపిన గోధుమలు

సర్కారు తరఫున గోధుమలు కొనే సైలో వాళ్లు తోట యజమాని అబూ సాలెహ్‌కు పంట దించడానికి మొదట ఇచ్చిన తారీకు జూన్ ఎనిమిది. ఎనిమిదిన ఫోను చేస్తే పన్నెండు అన్నారు. పన్నెండున చేస్తే, ఓడల్లో వచ్చిన గోధుమలు దమ్మాం రేవు నుంచి లారీల మీద లారీలుగా దిగుతున్నాయి, గోదాములో గింజకు చోటు లేదు, వారం ఆగి చేయమన్నారు. మే నెలలో కోసిన పంట, రెండు పెద్ద లారీల సరుకు, తోటలో రేకుల కొట్టం కింద గుట్టగా పడి ఉంది. ఆ తోట సౌదీలో బురైదా పట్నానికి డెబ్భై కిలోమీటర్ల అవతల ఎడారిలో ఉంది. ఆ గుట్ట కదిలితే తప్ప తాను కదలలేనని అక్కడ పనిచేసే భూమేష్‌కు తెలుసు.

ఎందుకు కదలలేడో తెలియాలంటే ముందు రంగుల సంగతి చెప్పుకోవాలి. ఏ సంస్థలో ఎందరు సౌదీలు పనిచేస్తున్నారో చూసి, దాన్నిబట్టి ఆ సంస్థకు ఆకుపచ్చో పసుపో ఎరుపో పూయడాన్ని అక్కడ నితాఖాత్ అన్నారు. అబూ సాలెహ్ తోటలో అయిదుగురు పనివాళ్లు, అయిదుగురూ పరదేశీలే. కన్నకొడుకు పేరైనా రాయించుకుందామనుకుంటే, ఆ పుత్రరత్నం రియాద్‌లో ఏసీ ఆఫీసు వదిలి మట్టి పిసకనన్నాడు. తోటకు ఎరుపు పడింది. ఎరుపు పడిన కఫీల్, అంటే పరదేశిని తన పూచీ మీద తెచ్చుకున్న యజమాని, కొత్త మనిషిని తెచ్చుకోలేడు, ఉన్న మనిషికి అకామా అనే నివాసపు కార్డు పొడిగించలేడు. అలా భూమేష్ అకామా గడువు తీరి ఏడాదిన్నరయింది. అకామా లేనివాడు సబ్బు కొనుక్కోవడానికి అంగడికి పోవాలన్నా పోలీసు బండి వస్తుందేమోనని వెనక్కి చూసుకుంటూ పోవాలి.

ఆ ఏడు, అంటే రెండువేల పదమూడులో, ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. జులై మూడులోపు కాగితాలు సరిచేసుకున్నవాళ్లకూ, ఇంటికి వెళ్లిపోయేవాళ్లకూ జరిమానా లేదు, జైలు లేదు. కఫీళ్లకూ లేదు. ఆ రోజు దాటితే మాత్రం, గడువు తీరిన మనిషిని పనిలో ఉంచుకున్నందుకు కఫీల్ కూడా ఇరుక్కుంటాడు. అబూ సాలెహ్ ఇనప్పెట్టెలో భూమేష్ పాస్‌పోర్టు ఉంటే, భూమేష్ చేతిలో ఆ జులై మూడు ఉంది. అంతకుమించి అతని చేతిలో ఏమీ లేదు.

మరి పారిపోవచ్చు కదా అంటారు చల్లగా కూర్చుని చదివేవాళ్లు. ఏప్రిల్ ఆరుకు ముందు పారిపోయినవాళ్లకే మాఫీ. ఆ తర్వాత పారిపోయినవాడి మీద కఫీల్ ఒక్క మాట రాసిస్తే చాలు, మాఫీ పోయి జైలు మిగులుతుంది. ఇన్నేళ్లూ బుద్ధిగా ఒక్క దగ్గరే పడి ఉన్నందుకు భూమేష్‌కు దక్కిన బహుమానం అది.

అబూ సాలెహ్ చెడ్డవాడు కాదు, చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే నాలుగు తిట్టి తెగతెంపులు చేసుకోవచ్చు. ఈయన శుక్రవారం తన ఇంట్లో వండిన మాంసం పళ్లెంతో తెచ్చిపెడతాడు, జ్వరమొస్తే మాత్రలు తెస్తాడు, "బూమిస్, నువ్వు నా కొడుకువి" అంటాడు. అన్నంత మాత్రాన పాస్‌పోర్టు ఇవ్వడు. కోత యంత్రం నడపడం దగ్గర నుంచి గింజ ఎండిందో లేదో కొరికి చూసి చెప్పడం వరకూ అన్నీ తెలిసినవాడు భూమేష్ ఒక్కడే. వాడు పోతే ఎరుపు పడ్డ తోటకు ఇంకొకడు రాడు. అందుకని ముసలాయన ఒక మాట ఇచ్చాడు.

"గోధుమలు సైలోలో పోసిన మర్నాడే నిన్ను జవాజాత్‌కు తీసుకుపోతా. ఖురూజ్ ముద్ర వేయించి టికెట్టు చేతిలో పెడతా. నా గడ్డం మీద ఒట్టు," అన్నాడు వచ్చీరాని పనివాళ్ల అరబ్బీలో, ఇతనికి అర్థం కావాలని. జవాజాత్ అంటే పాస్‌పోర్టుల ఆఫీసు, ఖురూజ్ అంటే దేశం దాటి పోనిచ్చే అనుమతి.

భూమేష్ ఆ ఒట్టు పట్టుకుని ఊళ్లో ఉన్న పెళ్లాం సునీతకు ఫోను చేశాడు. చేయక తప్పని అవసరం వచ్చింది. ఆమెకు కువైట్‌లో ఇంటిపని వీసా వచ్చింది.

"ఏడేండ్ల సంది ఇదే మాట. అస్త అస్త అనుడే గని నువ్వు అచ్చుడు లేదు," అంది సునీత. "జులై ఆరో తారీకు నా ఫ్లయిటు. నువ్వు అయిదు లోపట ఇంట్ల ఉంటె వీసా వాపస్ ఇచ్చేస్త, ఇద్దరం కలిసి ఏదో ఓటి చేసుకుందం. రాకపోతె నేను పోత. బిడ్డ సృజనను మా అక్క దేవవ్వ కాడ ఉంచుత."

"కువైట్ల ఎట్లుంటదో నీకేం ఎరుక?"

"నీకెరుకనే గద. నువ్వు మంచిగనే ఉన్నవ్ గద ఆడ. ఏసీ రూము, శుక్రారం శుక్రారం మటను. నువ్వే చెప్తివి."

అవన్నీ భూమేష్ చెప్పినవే. అకామా పోయిన సంగతి చెప్పలేదు, పాస్‌పోర్టు పెట్టెలో ఉన్న సంగతి చెప్పలేదు. గదిలో ఉన్నది నీళ్లు పోస్తే తప్ప చల్లగాలి రాని కూలరు, అదీ చెప్పలేదు. ఆమె బాధపడుతుందని కొంత, ఊళ్లో నామోషీ అని కొంత, ఏటికేడు దాచుకుంటూ వచ్చాడు. తోటలో ఉన్నవాడికి కనీసం ఆకాశమైనా కనిపిస్తుంది. పరాయి వాళ్ల ఇంట్లో, నాలుగు గోడల మధ్య, పాస్‌పోర్టు ఇంకెవరి బీరువాలోనో పెట్టుకుని సునీత ఎట్లా బతుకుతుంది? ఆమె విమానం ఎక్కేలోపు తాను ఇంటి గడప తొక్కాలి. అతనికి కావలసింది అంతే.

జూన్ పన్నెండున సైలో వాళ్లు వారం ఆగమన్నాక, భూమేష్ గుట్టలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి పిడికెడు గింజలు తీసి చూశాడు. అరచేతిలో గింజల మధ్య ఒక ముక్కపురుగు కదిలింది. ఇంకో చోట తీశాడు. అక్కడ రెండు. భూమేష్ కేక పెట్టాడు. పురుగు పట్టిన సరుకు సైలోలో తీసుకోరు. సరుకు తీసుకోకపోతే ఖురూజ్ లేదు.

లారీ నడిపే మస్తాన్ వలీ పరుగెత్తుకొచ్చాడు. కడప జిల్లావాడు, యాభై దాటిన మనిషి, తోటలో తెలుగు మాట్లాడే రెండో నోరు. అతని అకామా వేరే రవాణా సంస్థ పేరున ఉంది కనుక అతనికి ఈ బాధ లేదు. అయినా భూమేష్ బాధ తన బాధ అనుకునేవాడు.

"మందు బిళ్లలు ఏమన్నా తెస్తామా అబ్బీ?"

"తెలిసీ తెలియని మందు కలిపితె టెస్టుల దొరుకుతదన్నా. మా ఇంట్ల బియ్యం డబ్బాల, కందిపప్పుల ఏమేస్తరు? వేపాకు. ఒక్క పురుగు ఉండదు."

"మా అమ్మ గూడా అదే ఏస్తాది. మంచి మాట చెప్పినావు పో."

తోట గేటు దగ్గర మూడు వేపచెట్లున్నాయి. ఏ ప్రభుత్వ పథకం కిందో నాటినవి, నీళ్లు లేకున్నా పచ్చగా ఉంటాయి. భూమేష్ రెండు రోజులు చెట్టెక్కి రెమ్మలు దూశాడు. నీడలో ఆరబోశాడు. ఆ గాలికి ఆకు ఒక్క రోజులో గలగలలాడింది. మామూలుగా అయితే ఆకును ఆకులాగే వేస్తారు. కానీ గుట్ట పెద్దది, ఆకు తక్కువ, అతని ఆత్రం ఎక్కువ. ప్రతి గింజకూ తగలాలని ఆకును రెండు చేతుల మధ్య నలిపి పొడి చేసి, పారతో గుట్టను తిరగేస్తూ అడుగు నుంచి పై దాకా కలిపాడు. మూడో రోజుకు పురుగు కనబడలేదు. కొట్టమంతా చేదు వాసన. భూమేష్‌కు ఆ వాసన తన ఇంటి వాసనలాగే అనిపించి కాస్త ధైర్యం వచ్చింది.

జూన్ పందొమ్మిదిన పిలుపొచ్చింది. సైలో ముందు లారీల వరుస కిలోమీటరుకు పైగా ఉంది. ఒక పగలూ ఒక రాత్రీ లారీ కిందే చాప వేసుకున్నారు. మర్నాడు పదింటికి వీళ్ల లారీ కాంటా ఎక్కింది. పరీక్ష గది నుంచి వచ్చిన మిస్రీ మనిషి, అంటే ఈజిప్టువాడు, పొడుగాటి గొట్టాన్ని గోధుమల్లోకి దింపి, నమూనా తీసి, తెల్ల పళ్లెంలో పోశాడు. పోసి వాసన చూశాడు. వేలితో గింజలు జరిపి చూశాడు. పచ్చటి నలుసులు పళ్లెమంతా ఉన్నాయి.

"ఏమిటిది?"

"వేప. మంచిది. పురుగు రాదు," అన్నాడు భూమేష్ వచ్చిన అరబ్బీలో, కొంచెం గర్వంగానే.

మిస్రీ మనిషి అతని ముఖంలోకి జాలిగా చూశాడు. ఆ తర్వాత కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు. గోధుమల్లో గోధుమ తప్ప ఇంకేమీ ఉండకూడదు, ఆకులూ వాసనా ఉన్న సరుకు తీసుకోం, శుభ్రం చేసుకుని మళ్లీ వంతు తీసుకోండి అన్నాడు. మళ్లీ వంతు జూన్ ముప్పై.

తిరుగు దారిలో భూమేష్ తల మీద టపటపా కొట్టుకున్నాడు. "నా చేతులతోని నేనే కలుపుకున్న గదన్నా. ఎవ్వలు కలపమన్నరు నన్ను?"

"నేను గూడా కలపమంటిని కదబ్బీ," అన్నాడు మస్తాన్ వలీ. "ఇద్దరం కలిసి చేసిన తప్పు ఇది. ఏడ్చి ఏం చేస్తాం, దారి సూడు."

అబూ సాలెహ్ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గింజలు పిడికిట్లోకి తీసుకుని వాసన చూసి, "ఇప్పుడు నువ్వు పోతే దీన్ని ఎవరు బాగుచేస్తారు బూమిస్?" అన్నాడు మెల్లగా.

జల్లెడ పట్టి చూశారు. పొడి కొంత రాలింది గానీ నలుసులు గింజలతోనే మిగిలాయి. అప్పుడు భూమేష్ కొట్టం బయట నిలబడి గాలి ఎటు వీస్తుందో చూశాడు. జూన్ నెలలో అక్కడ వాయవ్యం నుంచి గాలి ఆగకుండా కొడుతుంది. కళ్లల్లో ఇసుక పోస్తుందని తోటలో అందరూ దాన్ని తిట్టేవాళ్లే. అతను టార్పాలిన్లు పరిచి, డ్రమ్ముల మీద పలక వేసి, దాని మీద నిలబడి పారతో గోధుమలు ఎత్తి గాలిలోకి జార్చాడు. గింజ నేరుగా కిందపడింది, ఆకు పొడి ఎడారిలోకి ఎగిరిపోయింది. చిన్నప్పుడు కళ్లంలో వడ్లు తూర్పారపట్టిన చేతులవి, పనిని మరిచిపోలేదు.

తొమ్మిది రోజులు తూర్పారపట్టాడు. మస్తాన్ వలీ, మిగతా నలుగురు బంగ్లాదేశీలు గోధుమలు అందించారు. మొదటి రోజు నలుగురూ నవ్వారు, మూడో రోజుకు వాళ్లూ పలక ఎక్కారు. మధ్యాహ్నం నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో ముసలాయన ఆపమన్నా భూమేష్ ఆపలేదు. చేతులు బొబ్బలెక్కి పగిలాయి. వాటికి గుడ్డ చుట్టుకుని మళ్లీ పార పట్టాడు. ఇంటికి పోవడానికి ఇంత కష్టపడిన మనిషిని నేనైతే చూడలేదు, విననూ లేదు.

జూన్ ముప్పైన అదే మిస్రీ మనిషి గొట్టం దింపాడు. పళ్లెంలో పోసి, వాసన చూసి, మళ్లీ భూమేష్ ముఖం చూసి, గుడ్డ చుట్టిన చేతులు చూసి, ముద్ర కొట్టాడు. జులై ఒకటిన రెండో లారీ కూడా దిగిపోయింది. ఖాళీ లారీ కాంటా దిగుతుంటే మస్తాన్ వలీ హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. భూమేష్ ఏడుస్తూ నవ్వాడు.

అబూ సాలెహ్ మాట నిలబెట్టుకున్నాడు. జులై రెండు, మంగళవారం పొద్దున్నే ఇనప్పెట్టె తెరిచి పాస్‌పోర్టు తీశాడు. అట్ట మాసిన ఆ పుస్తకాన్ని భూమేష్ ఏడేళ్ల తర్వాత చూశాడు. ముసలాయన దాన్ని తన చొక్కా జేబులోనే పెట్టుకుని కారు తీశాడు. ముద్ర ఇవాళ, విమానం నాలుగున, అయిదున ఇల్లు. దారి పొడవునా భూమేష్ మనసులో ఇదే లెక్క.

జవాజాత్ ముందు వరుస వీధి మలుపు దాకా ఉంది. ఎండలో అట్టముక్కలు నెత్తిన పెట్టుకుని వందల మంది. వాళ్లు నాలుగు గంటలు నిలబడ్డారు. ముసలాయన మోకాళ్లు పట్టేసి కాసేపు గట్టు మీద కూర్చునేవాడు, కాసేపు లేచేవాడు. ముందు అరవై మంది మాత్రమే ఉన్నారనగా వరుస మొదట్లో ఎవడో కేక వేశాడు. కేక వెనక్కి వెనక్కి పాకింది. జనం చేతులెత్తారు, ఒకరినొకరు కౌగిలించుకున్నారు. ఒక పాకిస్తానీ కుర్రాడు భూమేష్ భుజాలు పట్టి ఊపేశాడు.

"ముబారక్ హో భాయీ! చార్ మహీనే బఢా దియే! నవంబర్ తక్!"

గడువు పెరిగింది. జులై మూడు కాస్తా నవంబరు మూడు అయింది. అంతమంది జనానికి ప్రాణం లేచొచ్చింది. భూమేష్ మాత్రం తిరిగి అబూ సాలెహ్ ముఖం చూశాడు.

ముసలాయన ముఖం వెలిగిపోతోంది. "అల్‌హమ్‌దులిల్లాహ్! దేవుడు మనిద్దరి మొరా విన్నాడు," అన్నాడు. "వారంలో రంజాన్. ఆ తర్వాత ఖర్జూరం కోత. నువ్వు లేకుండా ఖర్జూరం ఎట్లా దించుతానా అని నాకు నిద్ర లేదు బూమిస్. ఇప్పుడు తొందర లేదు. ఖర్జూరం అయిన మర్నాడు, నా గడ్డం మీద ఒట్టు."

"బాబా, ఇయ్యాల. అరవై మందే ఉన్నరు," అన్నాడు భూమేష్. అరబ్బీ మరిచిపోయి తెలుగులో అన్నాడు. మళ్లీ అరబ్బీలో అన్నాడు. నా భార్య పోతుందన్నాడు, చేతులు పట్టుకున్నాడు, ఆఖరుకు కాళ్ల మీద పడబోయాడు. ముసలాయన నొచ్చుకుని అతన్ని లేపాడు, భుజం తట్టాడు, నీళ్ల సీసా ఇచ్చాడు. జేబులో నుంచి పాస్‌పోర్టు మాత్రం తీయలేదు. నిన్నటి దాకా ఆయనకూ జరిమానా భయం ఉండేది. ఇవాళ ఆ భయం పోయింది, దానితో పాటే భూమేష్ చేతిలో ఉన్న ఒక్కటీ పోయింది. అందరికీ తెరిచిన తలుపు ఇతని మీద మూసుకుంది.

సాయంత్రం తోటకు వచ్చి సునీతకు ఫోను చేశాడు. ఈసారి దాచకూడదనుకున్నాడు. నామోషీ అయితే కానీ, ఏడిస్తే ఏడవనీ, నిజమంతా చెప్పేస్తే ఆగిపోతుంది.

అతను నోరు తెరిచేలోపే ఆమె అంది. "టీవీల సూశ్న. నాలుగు నెల్లు పెంచిన్రట గద. ఎవలన్న రావచ్చట, జుర్మానా గూడ లేదట. నువ్వు రేపు బయలెల్లుతున్నవ్ గద?"

"లేదు సునీతా. ఆయన పంపుతలేడు. నేను చెప్పేది ఇను."

చెప్పాడు. అకామా సంగతి, ఎరుపు సంగతి, పెట్టెలో పాస్‌పోర్టు, గాలి రాని కూలరు, పోలీసుకు దాక్కుని తిరగడం, వేపాకు, తూర్పారపట్టడం, అరవై మంది ముందుండగా వెనక్కి రావడం, అన్నీ చెప్పాడు. "నువ్వు పోకు. ఒక్కసారి లోపటికి పోతె మన చేతిల ఏం ఉండదు. నేను ఏడేండ్ల సంది గిట్లనే ఉన్న."

"మరి మొన్నటి దాక ఏసీ రూము అంటివి," అంది సునీత.

"అబద్దం చెప్పిన."

"శుక్రారం మటను?"

భూమేష్ తటపటాయించాడు. "అది నిజమే."

"అందరు అస్తున్రు. మన ఊరికే నలుగురు అచ్చిన్రు. తలుపులు తీసి పోన్రి అంటుంటె నిన్నొక్కనే పట్టి ఆపిన్రా? అదీ కొడుకులెక్క సూసుకునే సేటు? నీకు అచ్చే మనసు లేదు, నన్ను పోనిచ్చే మనసు లేదు. నన్ను ఆపనీకి గిన్ని కతలల్లినవా?"

"కతలు గావు సునీతా, సృజన మీద ఒట్టు."

"పోరి మీద ఒట్టెయ్యకు."

భూమేష్ ఫోను మస్తాన్ వలీ చేతిలో పెట్టాడు. నువ్వన్నా చెప్పన్నా అన్నాడు. మస్తాన్ వలీ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, వాడు చెప్పేదంతా నిజం తల్లీ. నా కండ్లతో సూస్తాండా. చేతులు పుండ్లయినాయి వానికి."

"అన్నా," అంది సునీత, "నీతోని గూడ చెప్పిస్తున్నడా?"

ఫోను పెట్టేసింది. మూడు రోజులు భూమేష్ చేస్తూనే ఉన్నాడు. ఒకసారి సృజన ఎత్తి, అమ్మ సామాను సర్దుతోందని చెప్పి ఆడుకోవడానికి పోయింది. ఒకసారి దేవవ్వ ఎత్తి, ఆమెను ఆపడం తన వల్ల కాదంది.

ఆరో తారీకు పొద్దున సునీతే శంషాబాద్ నుంచి చేసింది. వెనకాల మైకులో ఏవో పేర్లు పిలుస్తున్నారు. ఆమె గొంతులో ఇప్పుడు కోపం లేదు.

"లోపటికి పోతున్న. ఆడ దిగినంక కొత్త నంబరు పంపుత," అంది. "గడువు నవంబరు దాక ఉంది గద, అప్పుడన్న నువ్వు ఇంటికి పో. సృజన ఒక్కతే అయితది. పోతవా?"

నిజం చెప్పి ఒకసారి చూశాడు, ఆమె నమ్మలేదు. "సరే," అన్నాడు భూమేష్.